ప్రెస్సు వెనక తీగ

"...మూత పెట్టమంటే పెట్టాలి గానీ, పెట్టకపోతే ఏమవుతుందని నన్నే ఎదురడుగుతావేంటయ్యా!"

"పెడితే మళ్ళీ తియ్యాలి కదా ఓనరుగారూ. ఒక చేతిలో గుడ్డ, ఇంకో చెయ్యి రోలర్ మీద. మూత తియ్యడానికి మూడో చెయ్యి మీ దగ్గరేమైనా ఉంటే ఇలా పంపించండి."

"ఎగతాళా? వాష్ డబ్బా అలా నోరు తెరుచుకుని ఉంటే..."

"ఇన్నేళ్ళూ తెరుచుకునే ఉంది. ఇవాళే దానికి సిగ్గొచ్చిందా?"

మడత బల్ల దగ్గర కూర్చున్న అత్తయ్య తలెత్తలేదు. చేతిలోని కాగితాన్ని మడిచి, చెక్క పుల్లతో మడత మీద గట్టిగా రాసి, పక్కన దొంతిలో పెట్టి ఇంకొకటి అందుకుంది. తన తమ్ముణ్ణి మెషిన్‌మేన్ "ఓనరుగారూ" అన్నాడంటే కోపం మీదున్నాడని లెక్క. మామూలప్పుడు "అన్నా" అంటాడు. ఇద్దరిలో వయసుకి ఎవరు పెద్దో ఇద్దరికీ సరిగ్గా తెలియదు. ఈ గొడవ టీ వేళ దాకా సాగుతుంది, టీ వచ్చాక ఎవరు మొదలుపెట్టారో ఇద్దరూ మర్చిపోతారు. అత్తయ్య మర్చిపోదు. కానీ గుర్తు చేసే ఓపిక ఆమెకు పోయి చాలా కాలమైంది.

ఆమెను అత్తయ్య అని పిలిచే హక్కు నిజానికి ఒక్కరికే ఉంది, తమ్ముడి కూతురికి. ఆ పిల్ల మాటలు నేర్చింది ప్రెస్సులోనే కావడంతో, ఆ పిలుపు ముందు మెషిన్‌మేన్‌కి అంటుకుంది. అతన్నుంచి కాగితం బండి తోలేవాడికి, వాడి నుంచి బిల్లు పుస్తకాలు అచ్చు వేయించుకోవడానికి వచ్చే కొట్లవాళ్ళకి. ఇప్పుడు తమ్ముడు కూడా ఫోన్లో "అత్తయ్యని అడిగి చెప్తా" అంటాడు. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం అక్కా అంటాడు.

ప్రెస్సంటే కింద రెండు గదులు, వెనక చిన్న పెరడు. ముందు గదిలో కౌంటరు, కంప్యూటరు, మడత బల్ల. వెనక గదిలో రెండు మెషిన్లు. ఒకటి పాతది, నలుపు మాత్రమే వేస్తుంది. రెండోది రంగుల మెషిన్, మందుల పెట్టెల మీద అంటించే లేబుళ్ళు దాని మీదే పడతాయి. పై అంతస్తులో ఒకవైపు తమ్ముడి కుటుంబం, ఒకవైపు అత్తయ్య గది. పొద్దున్నే పాత మెషిన్ తిరగడం మొదలైతే ఆమె మంచం కాళ్ళు సన్నగా వణుకుతాయి. అలారం గడియారం ఆమె ఎప్పుడూ కొనలేదు.

రంగు మార్చినప్పుడల్లా రోలర్లు కడగాలి. దానికి వాడే ద్రావకాన్ని వాష్ అంటారు. నీళ్ళలా పల్చగా ఉంటుంది, గుడ్డ మీద పోసి తుడిస్తే సిరా ఊడొచ్చేస్తుంది, చూస్తూ ఉండగానే ఆరిపోతుంది. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. ఈ మధ్య అడిగేవాళ్ళు వచ్చారు. గాలి పాడవకుండా చూసే ఆఫీసు ఒకటి ఉంది, దానికి ఏదో పెద్ద పేరుంది. మెషిన్‌మేన్ దాన్ని గాలి ఆఫీసు అంటాడు. అక్కణ్ణుంచి ఒకాయన ఈ వారంలో ప్రెస్సు చూడ్డానికి వస్తున్నాడని ఫోనొచ్చింది. వాష్ డబ్బాకి హఠాత్తుగా మూత కావలసి రావడం వెనకున్న కథ అదే.

"అసలు మన దగ్గర చూడ్డానికేముంది?" అని ఆ సాయంత్రం అత్తయ్య మేనకోడల్ని అడిగింది. మేనకోడలు కంప్యూటర్లో అక్షరాలు పేరుస్తుంది, అచ్చుకి ప్లేట్లు చేయిస్తుంది, ఆఫీసులకు పంపాల్సిన కాగితాలన్నీ తనే రాస్తుంది. కాగితమంటే తమ్ముడికి అచ్చు వేసేదే గానీ చదివేది కాదు.

"మనకి పర్మిషన్ లేదు అత్తయ్యా. అక్కర్లేదు కూడా. చిన్న ప్రెస్సులకి మినహాయింపు ఉంది. ఏడాదికి గాల్లోకి వదిలే ఆవిరి ఒక గీత దాటకపోతే, మేం దాటలేదు అని రాసి సంతకం పెడితే చాలు. దాటితే మాత్రం పర్మిషన్ కావాలి. దానికో పెద్ద ఫ్యాను, ఫ్యానుకో గొట్టం, గొట్టంలో బొగ్గు పొర, అది పనిచేస్తోందో లేదో ఏటా పరీక్ష."

"మనం దాటామా?"

"కొన్న వాష్ అంతా లెక్కేస్తే దాటాం. రంగుల మెషిన్ వచ్చిన దగ్గర్నుంచీ దాటే ఉన్నాం. అయితే అంతా లెక్కెయ్యరు. తుడిచిన గుడ్డల్ని తడి తడిగానే మూత ఉన్న డ్రమ్ములో వేసి, అలాగే మూసి లాండ్రీ కంపెనీకి పంపేస్తే, గుడ్డలు పీల్చుకున్నదాంట్లో సగం గాల్లోకి పోలేదని ఒప్పుకుంటారు. ఆ సగం తీసేస్తే మనం గీతకి ఇవతలే."

అత్తయ్య చేతిలో పుల్ల ఆగింది. "మనం డ్రమ్ములో వెయ్యం కదే?"

"వెయ్యం," అంది మేనకోడలు, కంప్యూటరు వైపు తిరిగి. "వేస్తున్నట్టు రాస్తాం."

"ఎవరు రాసింది?"

"నాన్న చెప్పాడు. నేను రాశాను. కింద సంతకం కూడా నాదే."

డ్రమ్ము అయితే ఉంది. మినహాయింపు కావాలంటే ఉండాలన్నారని తమ్ముడు ఎప్పుడో తెచ్చి వెనక గదిలో ఓ మూల నిలబెట్టాడు. ఎత్తు సరిగ్గా సరిపోవడంతో మెషిన్‌మేన్ దాని మూత మీద ఓ దూది దిండు వేసి, జారిపోకుండా పురికొసతో కట్టేశాడు. రోజూ దాని మీద కూర్చునే టీ తాగుతాడు. అందులో ఒక్క గుడ్డ కూడా పడ్డ పాపాన పోలేదు.

గుడ్డలన్నీ పెరట్లో తీగ మీద ఉంటాయి. అది అత్తయ్య తీగ.

ప్రెస్సు పెట్టింది వాళ్ళ నాన్న. అప్పట్లో కాలితో తొక్కే మెషిన్ ఒకటే ఉండేది. అచ్చయిపోయిన పేజీలోని సీసపు అక్షరాలను విడదీసి ఏ గడిది ఆ గడిలో వేయడం అత్తయ్య చిన్నప్పటి పని. బడి నుంచి వచ్చి సంచీ అవతల పారేసి అక్షరాల పెట్టె ముందు కూర్చునేది. వట్రసుడి గడికి చెయ్యి అందక ముక్కాలిపీట వేసుకునేది. తమ్ముడు గోడకానుకుని నిద్రపోయేవాడు. ఆమెకు సంబంధాలు రాలేదని కాదు. మాట ఎత్తినప్పుడల్లా బడి పుస్తకాల పని మీదపడేది. "ఈ పని తెమలనీ, తర్వాత చూద్దాం" అనేవాడు నాన్న. పుస్తకాలు తెమిలేసరికి నోటుబుక్కులు, నోటుబుక్కులు అయ్యేసరికి కేలండర్లు. అడిగేవాళ్ళు కూడా మనుషులే కదా, విసుగెత్తి మానేశారు. ఆమె దానికి ఏడ్చినట్టు ఎవరూ చూడలేదు. చూసే తీరిక ఎవరికుంది?

గుడ్డలు ఆరేయడం నేర్పింది కూడా నాన్నే. కొత్త గుడ్డ నూలు వదులుతుంది. కంటికి కనిపించని పోగు ఒకటి రోలర్ మీద పడిందంటే, అచ్చులో ఆ చోట తెల్లటి చుక్క లేస్తుంది. వాష్‌లో తడిసి, గాలికి ఆరి, మళ్ళీ తడిసి ఆరిన గుడ్డ మెత్తబడుతుంది. ఇక పోగు వదలదు. అందుకని ఒక్కో గుడ్డనీ అది చీలికలయ్యేదాకా వాడాలి. మెషిన్లు మారినా ఆ పద్ధతి మారలేదు. పెరట్లో ఈ గోడ మేకు నుంచి ఆ గోడ మేకుకి తీగ. తీగ మీద ఒక వరస ఉంది. తలుపు దగ్గర నలుపు తుడిచినవి, ఆ తర్వాత నీలం, ఎరుపు, అన్నిటికన్నా దూరంగా పసుపువి. పసుపు పెంకి రంగు, పక్కవాటి మరక ఏ కాస్త తగిలినా పాడైపోతుంది. ఈ వరస ఎక్కడా రాసి లేదు. ఆమె జ్వరమొచ్చి పడుకున్నప్పుడు మెషిన్‌మేన్ ఒకసారి ఎలా పడితే అలా ఆరేశాడు. లేబుళ్ళ మీద పసుపంతా పసరులా వచ్చింది. అప్పట్నుంచి ఆ తీగ జోలికి ఎవరూ పోరు.

ఆమె వేలి కొసలు తెల్లగా, నున్నగా అయిపోయాయి. ఫోన్ తెర మీద వేలు పెడితే అది ఆమెను గుర్తుపట్టదు. "మీ అత్తయ్య దొంగతనం చేసినా దొరకదే," అని మెషిన్‌మేన్ మేనకోడలితో అంటుంటాడు. వాష్ వాసన కూడా ఆమెకు తెలియడం మానేసి ఎంతో కాలమైంది. ఎప్పుడు మానేసిందో చెప్పలేదు, అలాంటివి ఒక రోజున జరగవు.

మర్నాడు పొద్దున తమ్ముడు పెరట్లోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. మాట్లాడటానికి మొహమాటపడుతున్నాడని అత్తయ్యకు తెలిసింది.

"చెప్పరా."

"ఏం లేదక్కా... ఆయన వచ్చి వెళ్ళేదాకా ఈ తీగ తీసేద్దాం. గుడ్డలు డ్రమ్ములో వేద్దాం. రెండు మూడు రోజులు, అంతే."

"డ్రమ్ములో వేసినవి మళ్ళీ వాడలేం. కొత్త గుడ్డలు పోగులు వదుల్తాయి."

"వదలనీ. లేబుళ్ళు కాస్త మెల్లగా వేసుకుంటాడు."

"మెషిన్‌మేన్‌తో చెప్పావా?"

"నువ్వు చెప్తే బావుంటుంది," అని తమ్ముడు నీళ్ళు నమిలాడు.

ఆమె చెప్పలేదు. తీగ విప్పి, చుట్టచుట్టి, మెట్ల కింద పడేసింది. డ్రమ్ము మీది పురికొస కోసి దిండు తీసింది. మెషిన్‌మేన్ వచ్చి చూసి, దిండుని రెండు చేతులతో గుండెకి హత్తుకుని, "పోయావా తల్లీ," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

ఆ రోజంతా వెనక గదిలో తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. ప్రతి వందా రెండు వందల లేబుళ్ళకీ ఓ తెల్ల చుక్క. మెషిన్ ఆపడం, పోగు వెతకడం, రోలర్ కడగడం, మళ్ళీ మొదలు. మేనకోడలు మెల్లగా ఆరే నూనె వాష్ ఒకటుందని, దానికి ఆవిరి తక్కువని, అది వాడితే ఈ గీతల గొడవే ఉండదని చెప్పబోయింది.

"తెలుసమ్మా, పాత ప్రెస్సులో వాడాను," అన్నాడు మెషిన్‌మేన్. "అది ఆరేలోపు నాకు గడ్డం మోకాళ్ళ దాకా వస్తుంది. రెండు సార్లు తుడవాలి, మళ్ళీ నీళ్ళ గుడ్డతో తుడవాలి. నా భుజాలు చూడు. వీటికి ఇంకా ఎన్నేళ్ళుందనుకుంటున్నావ్?"

అత్తయ్య చేతులకి ఆ రోజు మడత పని తప్ప వేరే లేదు. గుడ్డల కోసం రెండుసార్లు అలవాటుగా లేచి, పెరటి తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. పని తగ్గితే ఒళ్ళు తేలికవుతుందనుకుంది. అవలేదు. కూర్చున్న కొద్దీ నడుము ఇంకా పట్టేసింది.

గాలి ఆఫీసాయన మర్నాడు వచ్చాడు. వాళ్ళు అనుకున్నంత భయపెట్టే మనిషి కాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ, మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడిగాడు. అతను కూడా బాగా అలిసిపోయి ఉన్నాడని అత్తయ్యకు అనిపించింది.

వెనక గదిలో వాష్ డబ్బా చూశాడు, మూత ఉంది. వాష్ కొన్న బిల్లులు చూశాడు. డ్రమ్ము మూత ఎత్తి లోపలికి తొంగి చూసి, ముక్కు చిట్లించి, వెంటనే తనే గట్టిగా మూసేశాడు.

"ఇది ఉండబట్టి బతికిపోయారు," అన్నాడు. "మీరు కొనే వాష్‌కి గీత దాటేవాళ్ళే. ఈ సగం తగ్గింపు వల్ల ఇవతల ఉన్నారు. ఇదే గుడ్డలు బయట ఆరేశారనుకోండి, ఒక్క చుక్క కూడా తగ్గించడానికి లేదు. మొత్తం గాల్లోకి పోయినట్టే."

"అంతే కదండీ మరి," అన్నాడు తమ్ముడు.

"మొన్నొక ప్రెస్సులో చూశాను, డ్రమ్ము మీద గుడ్డేసి చదరంగం ఆడుతున్నారు."

మెషిన్‌మేన్ పైకప్పు వైపు చూశాడు.

పెరట్లోకి వచ్చినప్పుడు ఆయన గోడ మేకులు చూసి ఆగాడు. "ఇవేంటి?"

"బట్టలారేసుకోవడానికండీ. పైన ఇల్లు కదా," అన్నాడు తమ్ముడు.

ఆయన మేకు వంక, కింద నేల మీద వరసగా పడ్డ నలుపు, నీలం, ఎరుపు మరకల వంక కాసేపు చూశాడు. పసుపు మరకల దాకా చూపు వెళ్ళినట్టే ఉంది. అంతలో ఫోన్ మోగింది. ఇంకెక్కడో ఇంకేదో ప్రెస్సువాళ్ళు ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. "వస్తున్నానండీ, వస్తున్నా," అంటూ లోపలికి నడిచాడు. వెళ్ళేముందు మేనకోడలి చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"పోయినేడాది ఇచ్చినట్టే ఈ ఏడాదికీ ఇవ్వాలమ్మా. ఏడాది పొడుగునా గుడ్డలు మూతపెట్టిన డ్రమ్ములోనే ఉంచామని. సంతకం చేసి రేపు పంపించండి. దీంతో మీ మినహాయింపు అలాగే ఉంటుంది."

బండి చప్పుడు వీధి చివర దాకా వినబడి ఆగిపోయింది. తమ్ముడు కుర్చీలో వాలిపోయి, గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత నవ్వాడు. చాలా రోజుల తర్వాత చిన్నప్పటిలా నవ్వాడు. "అందరికీ టీ," అని కేకేసి, "నీ తీగ వచ్చే వారం మళ్ళీ కట్టేసుకుందువులే అక్కా," అన్నాడు ప్రేమగా. మెషిన్‌మేన్ అప్పటికే దిండుకి పురికొస వెతుకుతున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్య పెరట్లో గట్టు మీద కూర్చుంది. కాళ్ళు పీకుతున్నాయి. పెరటి గోడ అవతల సన్నటి సందు, సందుకి ఆ పక్కన ఒక కిటికీ. చొక్కాలకి కాజాలు కుట్టే ఆవిడ ఉండే గది అది. ఎన్నో ఏళ్ళుగా ఎదురుబొదురు ఉంటున్నా, వీధిలో కనబడితే తలూపడం తప్ప ఇద్దరికీ మాటల్లేవు. ఆ కిటికీ ఎప్పుడు చూసినా మూసే ఉంటుంది. మనుషులంటే గిట్టదు కాబోలని అత్తయ్య అనుకునేది. మెషిన్‌మేన్ అయితే ఆవిణ్ణి "మూసిన కిటికీ" అనేవాడు.

ఇవాళ కిటికీ రెండు రెక్కలూ తెరిచి ఉన్నాయి. ఆవిడ మిషన్ని కిటికీ దగ్గరకి లాక్కుని కుడుతోంది. అత్తయ్యని చూసి పెడల్ ఆపింది.

"ఊళ్ళోనే ఉన్నారా? ఎక్కడికో వెళ్ళారనుకున్నాను," అంది.

"ఎక్కడికెళ్తాను? ఇక్కడే ఉన్నా."

"మరి ప్రెస్సుకి సెలవిచ్చారా?"

"లేదే. నిన్నా ఇవాళా మెషిన్లు తిరుగుతూనే ఉన్నాయి. చప్పుడు వినబళ్ళేదా?"

"మీ చప్పుడు నా మిషన్ చప్పుడులో కలిసిపోద్దమ్మా. నాకు వాసనే గుర్తు. రెండు రోజులుగా వాసన లేదు, అందుకని మూసేశారనుకున్నా."

అత్తయ్య గట్టు మీంచి లేచి గోడ దగ్గరకి వచ్చింది. "అంత వాసనొస్తుందా?" అంది.

ఆవిడ వింతగా చూసింది. అడగాల్సిన ప్రశ్నేనా ఇది అన్నట్టు. "మీరు గుడ్డలు తీగ మీద వెయ్యగానే కిటికీ మూసేస్తాను. చీకటి పడ్డాక తీస్తాను. కొత్తల్లో తల పట్టేసేది, కళ్ళల్లో నీళ్ళు కారేవి. మా పాప ఉన్నప్పుడు తడి తువ్వాలు కిటికీ సందుల్లో కుక్కేదాన్ని. ఇప్పుడది పెళ్ళై వెళ్ళిపోయింది. నేనొక్కదాన్నే కదా, మూసుకుంటే సరిపోద్ది."

"ఇన్నేళ్ళూ ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"ఏం చెప్పను? నాకు గోడ అవతల వాసన. మీరేమో దాని మధ్యలోనే పొద్దస్తమానం నిలబడి ఉంటారు. మీకు లేని బాధ నాకేంటని ఎవరైనా అంటారు కదా."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బావుండుననిపించింది అత్తయ్యకు. పోట్లాడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు.

"ఇదిగో చూడండి," అంటూ ఆవిడ ఒక నల్ల చొక్కా ఎత్తి చూపించింది. "నల్ల గుడ్డ మీద నల్ల దారం. ఎప్పుడూ బల్బు కింద కళ్ళు పొడుచుకుని కుట్టేదాన్ని. రెండు రోజుల్నించీ పగటి వెలుతుర్లో కుడుతున్నా. ఒక్క కాజా కూడా ఊడదీసి కుట్టాల్సిన పన్లేకపోయింది." చొక్కా దించి, "ఈ సెలవు ఎన్నాళ్ళుంటుందమ్మా?" అని అడిగింది. "ఏం లేదు, ఇంకో నాలుగు నల్లవున్నాయి. ఉంటుందంటే అవీ ముందే చేసేసుకుంటా."

"చూడాలి," అంది అత్తయ్య.

గోడ దగ్గర్నుంచి లోపలికి వచ్చింది. వెనక గదిలో ఎవరూ లేరు. డ్రమ్ము మీది దిండు పక్కకు జరిపి, మూత ఎత్తి, ఒక గుడ్డ తీసి ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. గట్టిగా పీల్చింది. చల్లగా తగిలింది, అంతే. ఇంకోసారి పీల్చింది. కళ్ళు మండాయి గానీ వాసన రాలేదు. గుడ్డ మళ్ళీ లోపల వేసి మూత వేసింది.

మాపున మెషిన్లు ఆగాక నలుగురూ ముందు గదిలో చేరారు. గాలి ఆఫీసాయన ఇచ్చిన కాగితం బల్ల మీద ఉంది. మేనకోడలు కలం చేతిలో పట్టుకుని దాన్నే చూస్తోంది.

"చదివేది అయిపోయిందా ఇంకా ఉందా?" అన్నాడు తమ్ముడు.

"ఏడాది పొడుగునా అని ఉంది నాన్నా. ఒక్క రోజు కూడా బయట ఆరెయ్యలేదని ఉంది. కింద, ఇందులో అబద్ధముంటే బాధ్యత నాదే అని ఉంది."

"పోయినేడాది లేదా ఆ మాట?"

"ఉంది. పోయినేడాది ఎవరూ రాలేదు. ఈసారి ఆయన ఆ మరకలు చూశాడు."

"చూస్తే చూశాడు. ఏమన్నా అన్నాడా? ఆయనకి మాత్రం తెలియదనుకున్నావా? తెలిసే కాగితం చేతిలో పెట్టి పోయాడు. దీని కోసం ఇంత ఆలోచనా!" తమ్ముడు గొంతు పెంచి, మళ్ళీ తగ్గించాడు. "ఉన్నదున్నట్టు రాస్తే ఏమవుతుందో చెప్పనా? గీత దాటినట్టే. పర్మిషన్‌కి పెట్టుకోవాలి, అది వచ్చేదాకా రంగుల మెషిన్ ఆపుకోవాలి. మందుల కంపెనీ వాళ్ళు మన కోసం చూస్తూ కూర్చుంటారా? పక్క ప్రెస్సుకి పోతారు. ఒకసారి పోతే వస్తారా? ఆ తర్వాత ఇదిగో, ఈయన్ని ఏ పని చెయ్యమంటావ్?"

"మధ్యలో నన్నెందుకు లాగుతారు?" అన్నాడు మెషిన్‌మేన్. ఎగతాళి లేదు ఆ మాటలో. గోళ్ళలో ఇరుక్కున్న ఎర్ర సిరాని పుల్లతో గీరుకుంటున్నాడు.

"లాగక? నీ మెషినేగా."

"నా మెషినే. అందుకే నేను మాట్లాడను. మాట్లాడితే నా పొట్ట కోసం మాట్లాడినట్టుంటుంది."

తమ్ముడు కూతురి దగ్గరకి జరిగి, కాగితం అంచు సర్ది, సంతకం చెయ్యాల్సిన చోట వేలు పెట్టాడు. "ఈ ఒక్కసారికి పెట్టమ్మా. రేపట్నుంచి నిజంగానే డ్రమ్ములో వేద్దాం. సరేనా?"

"వచ్చే వారం తీగ కట్టుకోమన్నావు కదరా," అంది అత్తయ్య.

తమ్ముడు అటు తిరిగాడు. "అది... ఏదో మాటవరసకి అన్నానక్కా."

"మాటవరసకి కాదు. కడతాం. కొత్త గుడ్డలతో మెషిన్ దగ్గర వీడు నాలుగు రోజులు తిట్టుకుంటాడు, అయిదో రోజు నేనే కడతాను. నా సంగతి నాకు తెలుసు."

మేనకోడలు కలం కాగితానికి ఆనించింది. చెయ్యి కదల్లేదు. ఆ పిల్ల ముఖం వాడిపోయి ఉంది, రాత్రి నిద్ర పోయినట్టు లేదు. అత్తయ్య బల్ల ఆసరాగా పట్టుకుని లేచింది. మోకాళ్ళు పట్టేయడంతో కాసేపు అలాగే వంగి నిలబడి, ఆ తర్వాత నిటారుగా అయి, మేనకోడలి చేతిలోంచి కలం తీసుకుని బల్ల మీద పెట్టింది.

"నువ్వు సంతకం పెట్టకు," అంది. "ఇంకో కాగితం రాయి. గుడ్డలన్నీ పెరట్లో తీగ మీద ఆరేశామని రాయి, ఆరేసింది నేనని రాయి. పర్మిషన్‌కి పెట్టుకుంటున్నామని కూడా రాయి. రేపట్నుంచి రంగుల మెషిన్ ఆపేస్తున్నాం. కాగితం పట్టుకుని గాలి ఆఫీసుకి నేనే వెళ్తాను."